స్టాండర్డ్ హెరాల్డ్ వెనక హాఫ్ షాఫ్టు విరిగింది: వెల్డింగ్ పెట్టించాలా, కొత్తది వేయాలా?

తెనాలి_హెరాల్డ్ (తెనాలి)
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంకా చేతులు వణుకుతూనే ఉన్నాయి, తప్పులుంటే మన్నించండి.

మాది 1967 స్టాండర్డ్ హెరాల్డ్, రెండు డోర్లది. మా తాతగారు మద్రాసులో కొన్నారు. 1994 నుంచి ఇంటి వెనక పాకలోనే ఉండిపోయింది. మూడేళ్ళుగా సెలవు దొరికిన ప్రతి రోజూ దాని మీదే పని చేస్తున్నాను. ఛాసిస్ తుప్పు వదిలించాం, 948 సీసీ ఇంజిన్ బోరింగ్ చేయించాం, పెయింటు అయింది. ఈ రోజు మొదటిసారి కాస్త దూరం వెళ్దామని నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని దుగ్గిరాల దాకా వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో కాలవ గట్టు మలుపు. స్పీడు 20 కూడా లేదు. వెనక నుంచి సుత్తితో కొట్టినట్టు ఒక్క దెబ్బ వినిపించింది. బండి ఎడమ పక్కకి కూలబడింది. అద్దంలో చూస్తే మా చక్రమే డ్రమ్ముతో సహా దొర్లుకుంటూ గట్టు దిగిపోతోంది. బ్రేకు తొక్కితే పెడల్ నేలకి తగిలింది. బ్యాక్ ప్లేటు తారు రోడ్డును గీసుకుంటూ వెళ్ళి ఆగింది. ఎదురుగా ఎవరూ లేరు, దేవుడి దయ. నాన్నగారికి ఏమీ కాలేదు. ట్రాక్టర్ ట్రాలీ మీద ఇంటికి తెచ్చాం.

హాఫ్ షాఫ్టు అంటే డిఫరెన్షియల్ నుంచి చక్రానికి పోయే కడ్డీ. అది హబ్ (చక్రం బిగించే దిమ్మ) లోపల, టేపరు (చివర సన్నబడే భాగం) మొదలయ్యే చోట తెగిపోయింది. తెలిసిన లేత్ అతను చూసి "వెల్డింగ్ పెట్టి టర్నింగ్ చేసిస్తా, 1,500 ఇవ్వండి, రెండు రోజుల పని" అన్నాడు. ఐదు వారాల్లో నాన్నగారి డెబ్బయ్యో ఏటి భీమరథ శాంతి. ఆయన్ని ఈ బండిలోనే గుడికి తీసుకెళ్ళాలని మూడేళ్ళ క్రితం మొదలుపెట్టిన పని ఇది. వెల్డింగ్ పెట్టించేయమంటారా?

---

పద్మిని_రాజమండ్రి (రాజమహేంద్రవరం)
ఆదివారం, రాత్రి 10:05

ముందు మీరిద్దరూ క్షేమంగా ఉన్నారు, అది చాలు బ్రదర్. నా ప్రీమియర్ పద్మిని ప్రొపెల్లర్ షాఫ్టు గొట్టం ఆరేళ్ళ క్రితం పగిలితే వెల్డింగ్ పెట్టించి బ్యాలెన్సింగ్ చేయించాను. ఈ రోజుకీ తిరుగుతోంది. మంచి వెల్డర్ దొరికితే పెట్టించేయొచ్చు అనిపిస్తోంది.

---

ఆటోనగర్_బాబాయ్ (విజయవాడ)
ఆదివారం, రాత్రి 10:31

వద్దు. ఎంత మంచి వెల్డరైనా వద్దు.

రాజమండ్రి తమ్ముడూ, నువ్వు చెప్పింది నిజమే కానీ అది వేరు, ఇది వేరు. ప్రొపెల్లర్ షాఫ్టు బోలు గొట్టం. దాని పని మెలి తిప్పుడు ఒక్కటే. కంపెనీలో కూడా గొట్టానికి రెండు చివర్లూ వెల్డింగే చేస్తారు. హెరాల్డ్ హాఫ్ షాఫ్టు అలా కాదు. చక్రాన్ని తిప్పేదీ అదే, బండి బరువు మోసేదీ అదే, మలుపులో పక్కకి లాగే బలాన్ని తట్టుకునేదీ అదే. హబ్ దాని చివర కూర్చుని ఉంటుంది. అది తెగితే చక్రానికి ఇంకో ఆధారం లేదు. ఈ రోజు మీరు కళ్ళారా చూశారు.

మీ బ్రేకు ఎందుకు పోయిందో కూడా చెప్తాను. డ్రమ్ము ఊడిపోతే షూలను ఆపేది ఉండదు. పెడల్ తొక్కగానే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి వచ్చేస్తాయి, ఆయిల్ అంతా కారిపోతుంది. ఆ రోజుల్లో నాలుగు చక్రాలకీ ఒకటే లైను. కాబట్టి ఈ షాఫ్టు విరిగిందంటే చక్రం పోయినట్టు, బ్రేకు పోయినట్టు, రెండూ ఒకేసారి. 20 స్పీడులో అయింది కాబట్టి మనం మాట్లాడుకుంటున్నాం.

పాత షాఫ్టు ముక్కలు పారేయకు. లేత్ అతని చేతికి ఇవ్వకు. తెగిన ముఖాన్ని ముట్టుకోకుండా, రుద్దకుండా వెలుతురులో ఫోటోలు తీసి పెట్టు.

---

అంబి_నెల్లూరు (నెల్లూరు)
సోమవారం, ఉదయం 7:15

నా మాట వినండి, ఈ హెరాల్డ్ వెనక సస్పెన్షన్ తోనే తలనొప్పి. మన మెకానిక్కులకు అది ఎప్పుడూ నచ్చలేదు. అందుకే 1972లో స్టాండర్డ్ వాళ్ళే గజెల్ తెచ్చినప్పుడు ఇంజిన్ అదే ఉంచి వెనక మాత్రం మామూలు గట్టి యాక్సిల్ వేశారు. ఎక్కడైనా తుక్కుకి పోయిన గజెల్ దొరికితే యాక్సిల్ మొత్తం ఎత్తి పెట్టేయండి. జన్మలో ఈ సమస్య రాదు.

---

తెనాలి_హెరాల్డ్
సోమవారం, ఉదయం 7:50

అన్నా, మీరు చెప్పింది ఆలోచించాను. కానీ ఛాసిస్ కోసి కొత్త బ్రాకెట్లు అతికించాలి కదా. బండి 50 ఏళ్ళు దాటింది. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్ కింద 'వీఏ' నంబరుకి పెట్టాలనుకుంటున్నాను. దానికి ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. అంతకంటే ముఖ్యం, తాతగారు నడిపిన బండి తాతగారి బండిలాగే ఉండాలని నా కోరిక.

బాబాయ్ గారూ, ఫోటోలు పెట్టాను. తెగిన ముఖంలో మూడింట రెండు వంతులు నల్లగా, నునుపుగా ఉంది. మిగతాది బూడిద రంగులో పంచదార పలుకుల్లా మెరుస్తోంది.

---

లోహవిద్య (విశాఖపట్నం)
సోమవారం, రాత్రి 8:20

ముప్పై ఏళ్ళు విరిగిన లోహాలను చూడడమే నా ఉద్యోగం. రిటైరయ్యాను కానీ ఇలాంటి ఫోటో కనిపిస్తే వదలలేను. మీ మూడో ఫోటోని పెద్దది చేసి చూడండి. కీ గాడి (షాఫ్టుకీ హబ్‌కీ మధ్య పెట్టే చిన్న ఇనుప ముక్క 'కీ' కూర్చునే గాడి) మూల నుంచి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి బయలుదేరాయి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద మిగిలే అలల గీతల్లా ఉన్నాయి కదా? వీటిని మేం బీచ్ మార్కులు అంటాం. ఇది లోహం అలసట వల్ల వచ్చిన పగులు.

అంటే మీ షాఫ్టు నిన్న విరగలేదు. ఎప్పుడో, బహుశా బండి పాకలోకి చేరకముందే, కీ గాడి మూలలో వెంట్రుకవాసి పగులు మొదలైంది. చక్రం తిరిగిన ప్రతిసారీ షాఫ్టు ఉపరితలంలో ప్రతి చోటూ ఒకసారి సాగుతుంది, ఒకసారి నొక్కుకుంటుంది. ప్రతి చుట్టుకీ పగులు పిసరంత ముందుకి జరుగుతుంది. నల్లగా ఉన్న భాగం ఆ పాత పగులు. లోపలికి గ్రీజు, తేమ చేరి నల్లబడింది. మెరుస్తున్న భాగం నిన్న ఒక్క దెబ్బకి తెగింది. చివరి రోజున మీ బండిని మోస్తున్నది ఆ మూడో వంతు ఇనుమే.

మరి పగులు ఎందుకు మొదలైంది? టేపరు ముఖం ఫోటో చూస్తే నాకు తోచిన కారణం ఇది. దాని మీద ఎర్రటి తుప్పు పొడి, గీకుడు మచ్చలు ఉన్నాయి. అంటే హబ్ టేపరు మీద బిగుసుకుని కూర్చోలేదు, ప్రతి కుదుపుకీ సూక్ష్మంగా కదిలింది. చాలామంది బలాన్ని మోసేది కీ అనుకుంటారు. కాదు. మోసేది టేపరు ముఖాల మధ్య పట్టు. కీ కేవలం స్థానం చూపించడానికి. హబ్ నట్టు వదులైతే పట్టు పోతుంది, భారమంతా కీ మీద పడుతుంది, గాడి మూల చిట్లుతుంది.

ఇక వెల్డింగ్ సంగతి. ఇలాంటి షాఫ్టుకి వాడేది వేడి చేసి చల్లార్చి గట్టిపరచిన అల్లాయ్ స్టీలు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం అంతా తారుమారవుతుంది. అతుకు పక్కనే గాజులా పెళుసైన పట్టీ తయారవుతుంది. పైగా అతుకు సరిగ్గా ఎక్కువ ఒత్తిడి పడే చోటే వస్తుంది. దయచేసి వద్దు.

ఒక అభ్యర్థన. కుడి వైపు షాఫ్టు కూడా విప్పి చూడండి. అదీ అన్నే కిలోమీటర్లు తిరిగింది, అదే చేతులు దాన్ని బిగించాయి.

---

తెనాలి_హెరాల్డ్
సోమవారం, రాత్రి 9:02

సార్, మీ పోస్టు నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఒక సంగతి చెప్పారు. 1990 ప్రాంతంలో వెనక బ్రేకులు చేయించడానికి ఒక షెడ్డులో ఇస్తే హబ్‌లు ఊడదీసి మళ్ళీ బిగించారట. ఆ తర్వాత నుంచే వెనక ఎక్కడో చిన్న చప్పుడు ఉండేదట. మొన్న నేను ఓవర్‌హాలింగ్ చేసినప్పుడు షాఫ్టులు బయటికి తీయలేదు. క్లచ్ వదిలేటప్పుడు టక్కుమంటుంటే క్రాస్ (షాఫ్టు కీలు, యూనివర్సల్ జాయింట్) అరిగిందిలే, తర్వాత మారుద్దాం అనుకున్నాను.

కుడి వైపుది రేపు విప్పుతాను.

---

కోవెంట్రీ_తెలుగు (కోవెంట్రీ, ఇంగ్లండ్)
మంగళవారం, ఉదయం 4:10

మాది గుంటూరు, పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. హెరాల్డ్ పుట్టిన ఊరు ఇదే, కేన్లీ ఫ్యాక్టరీ మా ఇంటికి దగ్గర్లోనే ఉండేది. నాకూ ఒక 1965 హెరాల్డ్ ఉంది. మీ పోస్టు చూసి నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఈ సమస్య అందరికీ తెలిసిందే. హెరాల్డ్, మొదటి స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కార్లు, అన్నిటిలో ఇదే స్వింగ్ యాక్సిల్. డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, దాని రెండు పక్కలా ఒక్కో క్రాస్, ఆ క్రాస్ నుంచి షాఫ్టు చక్రానికి పోతుంది. బయటి చివర రెండో క్రాస్ లేదు. అందుకే చక్రం పైకీ కిందకీ ఊగినప్పుడు షాఫ్టుతో పాటు ఒరుగుతుంది. 1959లో అంత చవక కారుకి వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇవ్వడం గొప్ప విషయమే. విడి ఛాసిస్ మీద ముక్కలుగా బిగించే బాడీ కావడంతో కిట్లుగా పంపి బయటి దేశాల్లో కూర్చడం తేలికైంది. మద్రాసులో 1961లోనే తయారీ మొదలవడానికి అదీ ఒక కారణం.

మంచి వార్త ఏమిటంటే ఇక్కడ కొత్త షాఫ్టులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. జాగ్రత్త ఒక్కటే, స్పిట్‌ఫైర్ షాఫ్టు అని చెప్పి ఏదో ఒకటి తెప్పించుకోవద్దు. 1973 నుంచి స్పిట్‌ఫైర్ వెనక ట్రాక్ వెడల్పు చేశారు, ఆ షాఫ్టు ఒక్కో వైపు అంగుళం పొడవు. మీ పాత షాఫ్టు రెండు ముక్కలూ కలిపి నేల మీద పెట్టి ఫ్లాంజి (లోపలి చివర బోల్టులు పట్టే పళ్ళెం) ముఖం నుంచి చివరి మర దాకా కొలిచి చెప్పండి. నేను ఇక్కడ సరిచూసి పంపిస్తాను.

---

చెన్నై_చక్రాలు (చెన్నై)
మంగళవారం, ఉదయం 9:30

అంతకంటే ముందు ఇక్కడి పాత విడి భాగాల బజారు పుదుపేటలో వెతుకుతాను, ఆగండి. హెరాల్డ్ విడి భాగాలు అక్కడ ఇంకా అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. శనివారం ఉదయం వెళ్తాను.

---

తెనాలి_హెరాల్డ్
బుధవారం, రాత్రి 10:15

కుడి హబ్ రావట్లేదు. మూడు కాళ్ళ పుల్లర్ (హబ్ లాగే పనిముట్టు) పెట్టి తిప్పితే పుల్లర్ కాలే వంగిపోయింది. సుత్తితో డ్రమ్ము వెనక నుంచి కొట్టమని ఇక్కడి మెకానిక్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

---

ఆటోనగర్_బాబాయ్
బుధవారం, రాత్రి 10:40

ఆపు. వెనక నుంచి కొడితే హబ్ అంచు వంగుతుంది, బ్యాక్ ప్లేటు పోతుంది, బేరింగులు చెడతాయి. హెరాల్డ్ హబ్ మొండిది. దానికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి. కంపెనీ పుల్లర్ ఇప్పుడు దొరకదు, మనమే చేసుకోవాలి.

20 ఎంఎం మందం ఉన్న ఉక్కు ప్లేటు గుండ్రంగా కోయించు. హబ్‌కి నాలుగు స్టడ్లు ఉన్నాయి కదా, వాటికి సరిపడా నాలుగు బెజ్జాలు వేయించు. నడిమధ్యలో మర కోయించి, బొటనవేలి కంటే లావు బోల్టు, సన్న మర ఉన్నది, అందులో దిగేలా చేయించు. ప్లేటుని చక్రం నట్లతోనే హబ్‌కి బిగించేయాలి. అప్పుడు లాగుడు నాలుగు వైపులా సమానంగా పడుతుంది.

హబ్ నట్టు పూర్తిగా తీయకు. రెండు మూడు చుట్లు వదులు చేసి అలాగే ఉంచు. టేపరు వదిలినప్పుడు తుపాకీ గుండులా వదులుతుంది, నట్టు లేకపోతే ప్లేటుతో సహా మీద పడుతుంది. మధ్య బోల్టు పొడవాటి పానాతో బాగా బిగించి, బోల్టు తల మీద రెండు కేజీల సుత్తితో నేరుగా ఒక్క దెబ్బ కొట్టు. రాకపోతే ఇంకొంచెం బిగించు, మళ్ళీ కొట్టు. అప్పటికీ రాకపోతే బిగింపు మీదే రాత్రంతా వదిలేయ్. తెల్లారేసరికి దానంతటదే వదిలిన హబ్‌లు నా సర్వీసులో చాలా చూశాను. గ్యాస్ మంట పెట్టకు, గ్రీజు సీళ్ళు కాలిపోతాయి.

ఇంకో మాట, ప్రాణానికి సంబంధించినది. అడ్డంగా ఉన్న కమాన్ కట్ట డిఫరెన్షియల్ హౌసింగ్ నెత్తిన కూర్చుని రెండు చక్రాలనూ కిందకి నొక్కుతూ ఉంటుంది. షాక్ అబ్జార్బర్ కింది బోల్టు తీసే ముందు వర్టికల్ లింక్ (హబ్ హౌసింగ్‌ని పట్టి ఉంచే నిలువు ముక్క) కింద రెండో జాకీ పెట్టి బరువు ఎత్తిపట్టు. బండి ఛాసిస్ స్టాండ్ల మీద ఉండాలి, ఒట్టి జాకీ మీద కాదు. బోల్టు వచ్చాక జాకీని మెల్లగా దించు. తర్వాత బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు కేబుల్, రేడియస్ రాడ్డు, కమాన్ చెవి బోల్టు, చివరికి డిఫరెన్షియల్ హౌసింగ్ దగ్గర ఫ్లాంజి నాలుగు బోల్టులు. బోల్టులన్నీ అంగుళాల సైజువి, మిల్లీమీటర్ పానాలు పెట్టి తలలు గుండ్రం చేయకు.

---

తెనాలి_హెరాల్డ్
శుక్రవారం, ఉదయం 6:20

బాబాయ్ గారూ! రాత్రి పదకొండింటికి బిగించి వదిలేసి పడుకున్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకి పెద్ద చప్పుడు. ఇంట్లో అందరం లేచాం. హబ్ వదిలేసింది! నట్టు ఉంచబట్టి అక్కడే ఆగింది.

షాఫ్టు బయటికి వచ్చింది. చూడటానికి బాగానే ఉంది. పగులు ఏమీ కనిపించట్లేదు.

---

లోహవిద్య
శుక్రవారం, ఉదయం 7:05

కంటిని నమ్మకండి. డై పెనెట్రెంట్ అని మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. వెల్డింగ్ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. షాఫ్టు గ్రీజంతా పోయేలా శుభ్రం చేసి ఎర్ర రంగు కొట్టండి. పదిహేను నిమిషాలు ఆగి, క్లీనర్ తడిపిన గుడ్డతో పై రంగు తుడిచేయండి. క్లీనర్‌ని నేరుగా షాఫ్టు మీద కొట్టవద్దు, పగులులోకి దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. తర్వాత తెల్ల పొడి పలచగా కొట్టండి. పగులు ఉంటే లోపలి ఎరుపు తెలుపు మీదకి ఊరుతుంది.

---

తెనాలి_హెరాల్డ్
శుక్రవారం, సాయంత్రం 6:48

ఫోటో పెట్టాను. కీ గాడి మూల నుంచి అర అంగుళం పొడవున ఎర్రటి గీత. తెల్ల పొడి కొట్టిన రెండు నిమిషాల్లో నా కళ్ళ ముందే తేలింది.

ఎడమది వెల్డింగ్ పెట్టించి రోడ్డెక్కి ఉంటే, అది ఆగినా కుడిది తెగేది. అది కూడా నాన్నగారు కూర్చుని ఉండగా. లోహవిద్య సార్, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

---

పద్మిని_రాజమండ్రి
శుక్రవారం, రాత్రి 7:30

ఆ ఫోటో చూసి ఒళ్ళు జలదరించింది. వెల్డింగ్ మాట నేనే మొదట అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. కొత్తగా చదివే వాళ్ళు నా మొదటి పోస్టు పట్టించుకోకండి.

---

చెన్నై_చక్రాలు
శనివారం, మధ్యాహ్నం 2:10

పుదుపేటలో మూడు షాపులు తిరిగాను. రెండు షాఫ్టులు దొరికాయి, పాతవే. ఒకదానికి బేరింగ్ తిరిగే చోట గోరు దిగేంత గాడి పడింది. రెండోది చూడ్డానికి నున్నగా ఉంది కానీ ఎన్నాళ్ళు తిరిగిందో ఎవరికి తెలుసు? తీసుకోలేదు.

---

అంబి_నెల్లూరు
శనివారం, మధ్యాహ్నం 3:00

మంచి పని చేశారు. అయితే ఆటోనగర్‌లో కొత్తగా చేయించొచ్చు కదా? లారీ యాక్సిల్ ముక్క తీసుకుని లేత్ మీద తిప్పితే గట్టిగానే ఉంటుంది.

---

లోహవిద్య
శనివారం, సాయంత్రం 5:25

చేయించవచ్చు, కానీ సగం పని చేసి వదిలేస్తే ప్రమాదం. మామూలుగా లేత్ షాపుల్లో చేతికి దొరికేది ఈఎన్ 8 రకం ఉక్కు. దీనికి అది చాలదు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం ఉన్న ఈఎన్ 24 కావాలి, హీట్ ట్రీట్‌మెంట్ సర్టిఫికెట్‌తో సహా. లారీ యాక్సిల్ ముక్క వద్దు. దాని గతం మనకు తెలియదు, లోపల ఏ పగులు ఉందో తెలియదు.

ఇంకో చిక్కు ఉంది. హెరాల్డ్ హబ్ హౌసింగ్‌లో ఒక బాల్ బేరింగ్, ఒక నీడిల్ రోలర్ బేరింగ్ ఉంటాయి. ఆ నీడిల్ బేరింగ్‌కి లోపలి రింగు లేదు. సూదులు నేరుగా షాఫ్టు ఒంటి మీదే దొర్లుతాయి. చెన్నై మిత్రుడు చూసిన గాడి అదే. సూదులు దొర్లే చోటు గట్టిదనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు మీద 58 పైన గట్టిగా ఉండాలి. ఈఎన్ 24 మామూలుగా అమ్మే స్థితిలో దాని సగం దాకానే ఉంటుంది. కాబట్టి ఆ పట్టీ వరకు ఇండక్షన్ హార్డెనింగ్ చేయించి, తర్వాత గ్రైండింగ్ చేయాలి. కీ గాడి మూలలు కత్తి మొనలా కాకుండా గుండ్రంగా తీయాలి. టేపరు కోణం హబ్‌తో అణువంత తేడా లేకుండా కలవాలి. ఇవన్నీ ఒకే చోట చేసేవాళ్ళు ఉంటే చేయించండి. లేకపోతే కోవెంట్రీ నుంచి తెప్పించుకోవడమే క్షేమం.

---

కోవెంట్రీ_తెలుగు
శనివారం, రాత్రి 11:40

కొలత సరిపోయింది. జత షాఫ్టులు, నాలుగు బేరింగులు, సీళ్ళు, రెండు క్రాసులు ఆర్డర్ పెట్టాను. సోమవారం కొరియర్‌లో వేస్తాను. బిల్లు అసలుది పెడతాను, కస్టమ్స్ డ్యూటీ మీరు కట్టాల్సి ఉంటుంది. రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం మాట ఇవ్వలేను తమ్ముడూ. భీమరథ శాంతికి అందకపోతే బాధపడకండి.

---

తెనాలి_హెరాల్డ్
మూడు వారాల తర్వాత, ఆదివారం

పార్సిల్ ఇంకా కస్టమ్స్‌లోనే ఉంది. భీమరథ శాంతి వచ్చే వారమే. నాన్నగారితో చెప్పాను, ఆటోలో వెళ్దాం అని. ఆయన "ఆ రోజుల్లో మా నాన్న నన్ను స్కూలుకి దింపిన బండిరా అది. తొందరపడి పాడు చేయకు" అన్నారు. అంతే, నా మనసు కుదుటపడింది.

---

తెనాలి_హెరాల్డ్
మరో రెండు వారాల తర్వాత, శనివారం రాత్రి

వచ్చాయి! ఈ రెండు రోజులూ బిగింపు పనే. బాబాయ్ గారు విజయవాడ నుంచి బస్సెక్కి స్వయంగా వచ్చారు. ఉదయం ఎనిమిదికి వచ్చి, చీకటి పడేదాకా కదలలేదు. అమ్మ భోజనానికి పిలిస్తే "క్రాసు ఎక్కించాకే" అన్నారు.

జరిగిన పని రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. క్రాసు ఎక్కించేటప్పుడు క్యాపుల్లో సూదులు గ్రీజుతో గోడకి అంటించి నిలబెట్టాం. వైస్‌లో రెండు సాకెట్ల మధ్య పెట్టి మెల్లగా నొక్కాం. నాలుగో క్యాపు సగంలో ఆగిపోయింది. బలంగా నొక్కబోతే బాబాయ్ గారు చేయి పట్టుకుని ఆపారు. తీసి చూస్తే ఒక సూది అడ్డంగా పడి ఉంది. నొక్కేసి ఉంటే క్యాపు పగిలేది. సర్‌క్లిప్పులు వేశాక క్రాసు నాలుగు వైపులా వేలితో తిప్పితే తిరగాలి, కానీ ఆడకూడదు.

తర్వాత టేపరు. కొత్త షాఫ్టు, పాత హబ్. టేపరు మీద నీలి రంగు పలచగా పూసి హబ్ తొడిగి తీసి చూశాం. ఎడమ హబ్‌కి ఒక అంచున మాత్రమే రంగు అంటింది. వాల్వ్ గ్రైండింగ్ పేస్టు వేసి, కీ లేకుండా, చేత్తో తిప్పుతూ నూరాం. గంటకు పైగా పట్టింది. ముఖమంతా సమానంగా అంటేదాకా ఆయన ఒప్పుకోలేదు. పేస్టు ఒక్క రేణువు కూడా మిగలకుండా పెట్రోలుతో కడిగి, ఏమీ పూయకుండా పొడిగా బిగించాం. కీ కొత్తది. హబ్ నట్టు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకి.

రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించలేదు. జాకీ దించాక ఈ బండి వెనక చక్రాలు కింది వైపు లోపలికి ముడుచుకుని నిలబడతాయి. పది అడుగులు ముందుకి, పది అడుగులు వెనక్కి తోసి, కమాను సర్దుకున్నాక, నేల మీదే బిగించాం. లేకపోతే బుష్‌లు మెలి తిరిగి కొన్నాళ్ళకే చిరుగుతాయట. బ్రేకు గాలి తీయడంతో పని పూర్తయింది.

---

లోహవిద్య
శనివారం, రాత్రి 10:20

హబ్ హౌసింగ్‌కి చిన్న ప్లగ్ ఉంటుంది. అది తీసి గ్రీజు నిపుల్ పెట్టి గ్రీజు ఎక్కించారా? సూదులు ఎండిపోతే ఈ కొత్త షాఫ్టుకీ గాడి పడుతుంది.

---

తెనాలి_హెరాల్డ్
శనివారం, రాత్రి 10:31

ఎక్కించాం సార్. పాత ప్లగ్ మీద మూడు పొరల పెయింటు ఉంది. ఎన్నేళ్ళుగా ఎవరూ తీయలేదో.

---

తెనాలి_హెరాల్డ్
నెల తర్వాత, ఆదివారం

ఈ రోజుకి 310 కిలోమీటర్లు. మొదటి 50కి ఒకసారి, 200కి ఒకసారి హబ్ నట్లు టార్క్ రెంచితో చూశాను. కదల్లేదు. క్లచ్ వదిలేటప్పుడు ఆ టక్కుమనే చప్పుడు పోయింది. ఇవాళ నాన్నగారే నడిపారు. అదే కాలవ గట్టు, అదే మలుపు. అక్కడ ఆపమన్నాను, ఆపలేదు. అమరావతి దాకా వెళ్ళి అమరేశ్వరుడి దర్శనం చేసుకుని వచ్చాం. తిరిగొచ్చాక హబ్‌ల మీద చేయి పెట్టి చూశాను. రెండు వైపులా గోరువెచ్చగా, సమానంగా ఉన్నాయి.

---

కోవెంట్రీ_తెలుగు
ఆదివారం, రాత్రి 11:15

ఈ కబురు కోసమే రోజూ ఇక్కడికి వచ్చి చూస్తున్నాను. నాన్నగారికి నా నమస్కారాలు. నా బండి షాఫ్టులకి కూడా ఈ వారాంతం డై కొట్టి చూస్తాను.

---

బందరు_కారు (మచిలీపట్నం)
సోమవారం, ఉదయం 8:05

నమస్తే అండీ, ఇక్కడ కొత్త. థ్రెడ్డు మొత్తం రాత్రి కూర్చుని చదివాను. మాకూ 1969 హెరాల్డ్ ఉంది, క్లచ్ వదిలితే వెనక టక్కుమంటోంది. ఇన్నాళ్ళూ నడుపుతూనే ఉన్నాం. ఇక విప్పేదాకా బయటికి తీయను. ఆ పుల్లర్ ప్లేటు కొలతలు చెప్తారా?

---

తెనాలి_హెరాల్డ్
సోమవారం, ఉదయం 8:20

కొలతలు ఎందుకండీ, ప్లేటే పంపిస్తాను. ఆర్టీసీ కార్గోలో వేస్తే రేపటికి బందరులో ఉంటుంది. డై పెనెట్రెంట్ డబ్బాలు సగం మిగిలాయి కానీ బస్సులో స్ప్రే డబ్బాలు వేయకూడదు, అవి అక్కడే కొనుక్కోండి. హబ్ నట్టు పూర్తిగా తీయకండి, రెండు చుట్లు వదులు చేసి అలాగే ఉంచండి.

---

ఆటోనగర్_బాబాయ్
సోమవారం, ఉదయం 8:41

బందరు బాబూ, విప్పే రోజు ముందుగా చెప్పు. నేనూ వస్తాను.